నీళ్ల రాక్షసులను వదిలేసిన లీగు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. గోరంత దొరికితే దాన్ని కొండంత చేసి, ఆ కొండ మీద గుడి కట్టి, గుడికి తిరునాళ్ల కూడా జరిపించిగానీ ఊరుకోను. కడపలో నాకు నాపరాళ్ల అంగడి ఉంది. మే నెలలో అంగడి ముందు పరిచిన బండ మీద తెల్లపిల్లి కూర్చుని ఎర్రపిల్లిగా లేచిందని నేనొకసారి అన్నాను. ఆ మాట ప్రొద్దుటూరు దాకా పోయి తిరిగి నా దగ్గరికే వచ్చింది. వచ్చేసరికి పిల్లి పులయింది. కాబట్టి ఈ కింద రాసినదాంట్లో మీకు తోచినంత తరుగు తీసేసి చదువుకోండి. బంగారం అంగట్లో తీసినట్టు పిసినారితనంగా కాదు, మండీలో తడిసిన వేరుశనక్కాయలకు తీసినట్టు ధారాళంగా తీయండి.

ఈ లీగు పుట్టడానికి కారణం పేకాట. కర్నూలుకూ కడపకూ నడుమ ఆళ్లగడ్డలో మా చుట్టాల ఇల్లొకటి ఉంది. అహోబిలం దర్శనానికి పోయిన ప్రతిసారీ అందరం అక్కడే దిగుతాం. ఆడవాళ్లు వంటింట్లోకి, మగవాళ్లం పేకలోకి. అలా ఒకసారి ఒక్క జోకరు ముక్క దగ్గర ఇద్దరు షడ్డకులకు తగువొచ్చి, ఒకరి వీధిలోకి ఇంకొకరి కుక్క కూడా పోలేని పరిస్థితి ఏర్పడింది. దాంతో ఆడవాళ్లు ఒక్కమాట మీద నిలబడి పేకముక్కలను పొయ్యిలో పెట్టారు. ఆ రోజు చేసిన బొరుగుల ఉగ్గానిలో ఇస్పేటు రాణి వాసన వచ్చిందని ఇప్పటికీ అంటాను.

చేతులు ఊరుకోవు కదా. అప్పుడు మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఒక ఉపాయం చెప్పాడు. అతను కర్నూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. మెడలో ఈల లేకుండా అతన్ని పెళ్లిఫొటోలో కూడా చూడలేం.

"ఇది పేకాట గాదక్కా," అని వాళ్లక్కకు, అంటే నా భార్యకు, నచ్చజెప్పాడు. "ఫోన్లో రాచ్చసులుంటాయి. ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. మేము గమ్మున కూసోని చూస్తాం."

"మీరు కొట్లాడుకోరు గదా?"

"మా బదులు అవి కొట్లాడుకుంటాయి."

"అయితే మంచిదే," అంది ఆమె. "ఈ పని ముప్పై ఏండ్ల కిందటే జేసుంటే మన జిల్లాలు బాగుపడుండు."

ఆట మామూలుగా అయితే ఎవరైనా ఏ రాక్షసాన్నైనా వాడుకోవచ్చు. మా లీగులో అట్లా కుదరదు. అందరం ఒకచోట కూర్చుని, చీట్లు వేసి వరస తేల్చుకుని, ఒక్కొక్కరం ఒక్కొక్క రాక్షసాన్ని ఏరుకోవాలి. ఒకరు ఏరుకున్నది ఇంకొకరికి దొరకదు. ఇట్లా మనిషికి ఆరు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫోన్లో పోటీ. రాక్షసాలు ఒకటొకటిగా దిగుతాయి. ఎదుటివాళ్ల ఆరింటినీ పడగొట్టినవాళ్లు గెలిచినట్టు. నిప్పువి, రాతివి, పిడుగువి, గాలివి, నీళ్లవి, ఇలా రాక్షసాల్లో జాతులున్నాయి. ఒక జాతికి ఇంకో జాతి అంటే హడలు.

లీగుకు ఎనిమిది మంది కావాలి. లెక్క చూస్తే ఒకరు తక్కువయ్యారు. పక్కన కరివేపాకు దూస్తున్న నా భార్య ఫోన్ లాక్కుని ఆమె పేరు కూడా ఎక్కించేశారు. ఆమె కరివేపాకు దూస్తూనే ఉంది.

పందెం లేకపోతే రాయలసీమలో గోళీలు కూడా ఆడరు. అయితే డబ్బు పెట్టగూడదని ఆడవాళ్ల ఆజ్ఞ. అందుకని లీగు అడుగున పడినవాళ్లు మిగతావాళ్లు చెప్పినదాన్ని ఒక సంవత్సరం పాటు వదిలేయాలని తేల్చారు. బావమరిది అడుగున పడితే ఈల వదిలేయాలి. ఒక షడ్డకుడు రాజకీయాలు వదిలేయాలి. అంతలో ఎవరో, "కడపాయనకు ఏం పెడదాం?" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. గోడ మీద క్యాలెండర్లో నరసింహస్వామి కూడా తిరిగాడు.

"బావ అడుగున పడితే," అన్నాడు బావమరిది, ఈలను వేళ్ల మధ్య తిప్పుతూ, "ఏడాది పొడుగునా ఉన్నది ఉన్నట్టే చెప్పాల. ఇసుమంత గూడా పెంచగూడదు."

చప్పట్లు మోగాయి. వంటింట్లోంచి కూడా మోగాయి.

మీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. నాకు కాదు. మా వీధిలో నాపరాళ్ల అంగళ్లు చాలా ఉన్నాయి. అన్ని అంగళ్లలోనూ అదే రాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లు రాయి కోసం రారు, రాయి గురించి నేను చెప్పేదాని కోసం వస్తారు. పెళ్లిళ్లకు నన్ను పిలిచేది కూడా నేను చదివించే చెంబు కోసం కాదు. నాలుక కట్టేస్తే నేనూ బండనే, పాలిషు కూడా పట్టని బండ.

అందుకే ఏరుకునే రోజు నేను ఒంటరిగా పోలేదు. మా మేనమామను వెంటబెట్టుకుపోయాను. ఆయన బండలాగుడు పోటీల్లో ఎద్దులు తోలి తోలి గొంతు అరిగిపోయిన మనిషి. ఎద్దును కొనాలంటే చుట్టుపక్కల మూడు మండలాలు ఆయన మాట మీద ఆగుతాయి. ఎద్దును చూడగలిగినవాడు రాక్షసాన్ని చూడలేడా అనుకున్నాను.

ఫోన్ ఆయన చేతికిచ్చాను. నా దుకాణం పరువు దృష్ట్యా రాతి రాక్షసాలే తీసుకోవాలని నేను ముందే నిశ్చయించుకున్నాను. రాయి ఇంకొకరి పెరట్లోకి పోతే రేపు అంగట్లో మొహమెట్లా చూపించుకోను? నలభై టన్నుల గుట్టకు కాళ్లూ కళ్లూ వచ్చినట్టున్న ఒక రాక్షసం తెర మీద నిలబడింది.

"అల్లుడా, నోరు తెరువమను. పండ్లు జూడాల," అన్నాడు మామ.

వేలితో తాకితే అది నోరు తెరిచి గర్జించింది. మామ కళ్లద్దాలు పైకి నెట్టి లోపలికి తొంగిచూశాడు.

"ఆరుపండ్లది. ఇంగా వయసుండాది. మూపురం ఎట్ల నిలబడిండాదో సూడు. తీస్కో."

"మామా, బలం తక్కువని పక్కన అంకె వేసిండారు."

"అంకె జూసి ఎద్దును కొంటారా యాడన్నా? మొగం జూడు అల్లుడా, మొగం."

తీసుకున్నాను. దానికి పెద్దబండ అని పేరు పెట్టాం. నా వంతు మళ్లీ వచ్చేసరికి మామ ఇంకా దాని మొహంలోనే ఉన్నాడు.

"దీనికి జత యాది?"

"జత అక్కర్లేదు మామా. ఇందులో ఒక్కొక్కటే దిగుతాది."

"ఒంటెద్దును కాడికి కడతావా?" అని ఆయన తువ్వాలు దులిపాడు. "నవ్వుతారు అల్లుడా ఊళ్లో. జత లేకుండా నేను ఈడ కూసోను."

ఆయన లేవబోయాడు. నేను గబగబా అదే ఎత్తు, అదే మూపురం, అదే పిచ్చిచూపు ఉన్న ఇంకొక రాతి రాక్షసాన్ని తీసుకున్నాను. అది చిన్నబండ. అట్లా జతలు జతలుగా ఆరూ రాతివే అయ్యాయి. ఆరింటికీ ఒకే బలం, ఒకే రోగం. ఈ ఆట ఆడేవాళ్లు ఎవరూ అట్లా ఏరుకోరట. ఒకటి పడితే ఆదుకునే వేరే జాతి పక్కన ఉండాలట. ఆ సంగతి మామ చెప్పలేదు, చెప్పడానికి ఎద్దుల్లో వేరే జాతి ఏముంది?

మిగతావాళ్లేమన్నా తెలివిగా ఏరుకున్నారా అంటే, లేదు. మొదటి వరసలోనే అందరి చెయ్యీ నిప్పు రాక్షసాల మీద పడింది. ఎండలో పుట్టిన జాతి కదా మాది, నిప్పంటే చుట్టరికం. తర్వాత పిడుగులు పోయాయి, కొమ్ములున్నవి పోయాయి, మీసాలున్నవి పోయాయి. చివరకు చూస్తే తెర మీద నీళ్ల రాక్షసాలు వరసగా, రేషన్ అంగడి ముందు నిలబడ్డట్టు, అలాగే మిగిలాయి. వాటిని ఎవరూ తాకలేదు.

"నీళ్లా?" అన్నాడు బావమరిది. "మన సీమలో నీళ్లను నమ్ముకోని బాగుపడినోడు ఎవుడుండాడు బావా?"

"వస్తే వస్తాయి, లేకుంటే లేదు," అన్నాడు మామ. "అట్లాటిదాన్ని దొడ్లో కట్టుకుంటామా?"

నేను ఇంకా బాగా అన్నాను. "మనల్ని ఎండ కొట్టింది, రాయి కొట్టింది, కరువు కొట్టింది. నీళ్లెప్పుడు కొట్టినాయప్పా?"

అందరూ నవ్వారు. కర్నూలువాళ్లు కూడా నవ్వారు. తుంగభద్ర ఒకసారి చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చి నడుము లోతున నిలబడిన ఊరివాళ్లు! మనిషి దాహాన్ని గుర్తుపెట్టుకున్నట్టు వరదను గుర్తుపెట్టుకోడు.

నవ్వనిది నా భార్య ఒక్కతే. చీట్లలో ఆమెది ఆఖరి వంతు, అది వచ్చింది. ఫోన్ చూసింది, మమ్మల్ని చూసింది.

"ఇన్ని నీళ్లు ఇట్ల వదిలేసిండారేంది? ఎవురికీ వద్దా?"

"వద్దమ్మా," అన్నాడు మామ ఉదారంగా.

"అయితే నేను పట్టుకుంటా."

పట్టుకుంటా అనే అంది, తీసుకుంటా అనలేదు. మా ఇంట్లో కొళాయి వచ్చినప్పుడు ఆమెను చూడాలి. డ్రమ్ములు నిండుతాయి, బిందెలు నిండుతాయి, ఆఖరికి పూజగదిలో పంచపాత్ర కూడా నిండుతుంది. ఇంటికొచ్చిన చుట్టం నోరు తెరిచి నిద్రపోతుంటే అందులో కూడా పట్టిపెట్టిందని నేనంటే మీరు నమ్మనక్కర్లేదు. వంతు వచ్చిన ప్రతిసారీ ఆమె ఒక నీళ్ల రాక్షసాన్ని పట్టుకుంది. అట్లా ఆరూ నింపుకుంది. వాటిలో పొట్ట ముందుకొచ్చి, మెడ సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఒకదానికి బిందె అని పేరు పెట్టింది.

పోటీలు మొదలయ్యాయి. ఆదివారం ఉదయమే మామ పల్లె నుంచి దిగేవాడు. ఫోన్‌కు పసుపు రాసి, ఛార్జరు తీగకు నిమ్మకాయ కట్టి, నా పక్కన నిలబడి, "హెయ్! హెయ్! హొహొహొ!" అని అదిలించేవాడు. వీధిలోవాళ్లు ఎద్దుల బండి వస్తోందనుకుని స్కూటర్లు పక్కకు తీసేవాళ్లు. పెద్దబండ మాత్రం కదిలేది కాదు. దాని వంతు వచ్చేసరికి ఎదుటి రాక్షసం దాన్ని కొట్టి, మంచినీళ్లు తాగి, మళ్లీ కొట్టేది.

"ఏంది మామా ఇది కదల్దు?"

"బరువు పట్టిండాది అల్లుడా. ఒకసారి కదిలితే మళ్ల ఆగదు."

కదలలేదు. నిప్పు రాక్షసాల మీద మాత్రం అప్పుడప్పుడూ దొర్లి పడి గెలిచేది. గెలిచిన వారాల్లో మామ నాకు ఫోన్ ఇచ్చేవాడు కాదు, దాని మీద చేత్తో నిమురుతూ కూర్చునేవాడు.

అవతల నా భార్య అందరినీ వరసగా కడిగేసింది. నిప్పు ఏరుకున్నవాళ్లు నీళ్లు పడగానే పొగయి పోయారు. రాజకీయాల షడ్డకుడి నిప్పు రాక్షసాలు ఆరూ ఆరిపోయాక, ఆయన మూడు పూటలు అన్నం ముట్టలేదు, టిఫిను మాత్రమే తిన్నాడు.

సీజను చివరి వారానికి వచ్చేసరికి పైన నా భార్య ఒక్కతే. అడుగున ఇద్దరం సమానంగా ఉన్నాం, నేనూ, బావమరిదీ. అతని ఆటలన్నీ అయిపోయాయి. నాకు ఒక్కటే మిగిలింది. అది గెలిస్తే అతని ఈల పోతుంది. ఓడితే, మా ఇద్దరి ఆటలో అతనే గెలిచాడు కాబట్టి, నా నాలుక పోతుంది. ఆ మిగిలిన ఒక్క ఆటా నా భార్యతోనే.

ఆ వారం మా ఇంట్లో నేను నేనుగా లేను. అంట్లు తోమాను. నీళ్లు నేనే పట్టాను. చేసిన ప్రతి కూరనూ మెచ్చుకున్నాను, చేయని కూరను కూడా మెచ్చుకున్నాను.

"ఏమయ్యా," అంది ఆమె, "ఎప్పుడూ లేంది ఏంది ఈ వరస?"

"ఏం లేదు. ఆదివారం ఆట ఉండాది గదా. ఊరికే చెప్తాండా, నువ్వు ఓడినా పైనే ఉంటావు. నీకు పోయేదేం లేదు."

"నువ్వు ఓడితే నాకు వచ్చేది ఉండాది గదా," అంది. "ఏడాది పొడుగునా నిజం వినొచ్చు. పెండ్లయినప్పట్నుంచి వినలే."

ఇంతలో కర్నూలు నుంచి ఫోన్. బావమరిది ఈలకు ప్రాణం మీదికి వచ్చింది.

"అక్కా, ముందు బిందెను దించు. బావకాడ అన్నీ రాళ్లే, నీళ్లు పడితే నిలబడవు. తర్వాత ఏం చెయ్యాలంటే..."

"నాకు జెప్పాల్నా రా? నీ నిప్పులార్పినప్పుడు ఎవురన్నా జెప్పినారా?" అని పెట్టేసింది.

ఆదివారం వచ్చింది. నేను నట్టింట్లో, పక్కన మామ. ఆమె వంటింట్లో. నడుమ తలుపు వేశాం, మొహాలు చూస్తే మొహమాటం వస్తుందని. కర్నూల్లో బావమరిది ఫోన్లో చూస్తూ ఈల ఊదాడు.

పెద్దబండ దిగింది. అవతల బిందె దిగింది. బిందె మొదటి చిమ్ముకే పెద్దబండ మోకాళ్ల మీద పడింది. "లెయ్ నాయనా!" అని మామ అరిచాడు. లేచింది. మూడుసార్లు పడి నాలుగుసార్లు లేచింది. సీజను మొత్తం కదలని రాయి ఆ రోజు కదిలింది. అది తొడ కొడితే మా ఇంటి కిటికీలు అదిరాయి. ఒక గుట్టను పెకలించి బిందె మీద వేసింది, బిందె సొట్టపడింది. నా భార్య దాన్ని వెనక్కి లాగి ఇంకొకటి దించింది, దాన్నీ నలిపేశాం. ఒకటి పోతే ఒకటి, అటు ఐదు, ఇటు ఐదు పడ్డాయి. తలుపు సందులోంచి చూస్తే ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంటోంది. గంటన్నర గడిచింది. చివరికి అటు సొట్టబిందె, ఇటు పెద్దబండ మిగిలాయి. రెండింటికీ ప్రాణం వెంట్రుకవాసి. ఒక్క దెబ్బ ఎవరిది ముందయితే వాళ్లది ఆట. పెద్దబండ చేయెత్తింది. అంతలో బిందె వంగి, కడుపులో ఉన్న నీళ్లన్నీ ఒక్క ధారగా పోసేసింది.

మామ తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "ఎద్దు మంచిదే అల్లుడా," అన్నాడు. "నేల తడిసింది, అంతే."

కర్నూలు నుంచి ఈల ఆగకుండా మోగింది.

ఆ రోజు నుంచి నా శిక్ష మొదలయింది. రాజంపేట అత్త ఫోన్ చేసి, "ఎండలెట్లుండాయిరా?" అంది. "ఎక్కువగా ఉండాయత్తా," అన్నాను. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. ఇంకేమీ రాకపోయేసరికి ఫోన్ పెట్టేసి, వెంటనే నా భార్యకు చేసి, "వాన్ని డాక్టరు దగ్గరికి తీస్కపో తల్లీ," అని ఏడ్చిందట. అంగట్లో ఒకాయన బండ మీద చెయ్యి వేసి, "ఇదెట్లాటిది?" అన్నాడు. "మామూలుది," అన్నాను. పక్క అంగటికి పోయాడు. ఎక్కడన్నా నోరు జారి, "ఊరంతా వచ్చింది," అన్నానా, ఏ మూలనుంచో బావమరిది ఈల! "ఊరంతానా బావా? లెక్కజెప్పు," అనేవాడు.

అసలు గొడవ రాజంపేట పెళ్లి దగ్గర వచ్చింది. జ్వరమొచ్చి నా భార్య రాలేకపోయింది, నేనొక్కణ్ణే పోయొచ్చాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చుని, దుప్పటి సర్దుకుని, దిండు ఒళ్లో పెట్టుకుంది.

"చెప్పు."

"పెండ్లి జరిగింది."

"ఊ."

"భోజనం పెట్టినారు. తిన్యాను. వచ్చినాను."

"మా వదిన ఏం కట్టింది?"

"చీర."

ఆమె దిండును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఎవురన్నా అలిగినారా?"

"ఒకాయన అలిగినాడు. మళ్ల తిన్యాడు."

"అంతేనా?"

"అంతే."

దిండు నా మొహాన పడింది. "కరెంటు పోయిన ఇల్లు మాదిరి ఉండాది నీతో! నిజమంటే ఇంత సప్పగుంటాదని నాకేం తెలుసు? ఇట్లాటి నిజం నాకొద్దు."

లీగు పెట్టినప్పుడు ఒక నియమం ఉండింది, చివరి ఆటలో ఓడించినవాళ్లు తలచుకుంటే శిక్ష మాఫీ చేయవచ్చని. ఆమె అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేసి మాఫీ చేసేసింది. అతను నియమాలు మాట్లాడబోతే, "ఈల పెరుక్కుంటా," అంది.

నేను వెంటనే గొంతు సవరించుకుని వదిన చీర నుంచి మొదలుపెట్టాను. ఆ చీర అంచు పట్టుకుని నలుగురు మనుషులు నడిచారు. అలిగినాయన కల్యాణమండపం గోడెక్కి కూర్చుంటే, దించడానికి ఆయన వియ్యంకుడు పాయసం గిన్నెతో నిచ్చెనెక్కాడు. ఆమె జ్వరం తగ్గేదాకా నవ్వింది.

అయితే మాఫీకి ఒక షరతు పెట్టింది. "ఏందైనా పెంచుకో. ఎంతైనా చెప్పుకో. నా ఆట ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాల. దాంట్లో చెయ్యి పెట్టగూడదు."

ఇది ఆమె చదువుతుంది. కాబట్టి ఒప్పుకుంటున్నాను. మామ పండ్లు చూడడం నిజం, నిమ్మకాయ నిజం, అంతమందిమి కూర్చుని నీళ్లను వదిలేయడం నిజం. పైన రాసిన గంటన్నర యుద్ధమే నేను కట్టింది. తొడ కొట్టడం లేదు, గుట్ట పెకలించడం లేదు, సొట్ట లేదు. ఆమె నుదుటికి చెమట పట్టలేదు. ఒక చేత్తో శనక్కాయలు వొలుచుకుంటూ, రెండో చేత్తో ఒకటే మీట నొక్కింది. నొక్కిన ప్రతిసారీ నాది ఒకటి పడింది. పెద్దబండ అన్నిటికన్నా ముందు పడింది. ఒక్క బిందే వచ్చింది, ఆరింటినీ కడిగేసి పోయింది. ఆమె మిగతా ఐదు రాక్షసాలకూ ఆ ఆదివారం పనే పడలేదు.